తలకిందులు, ఎదురుకాళ్ళు, ఎదురుగాలి: తిరగబడే వాటి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లాలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతుంటాను. ఈ ప్రశ్నల్లో కొన్ని క్లాసులో వచ్చినవి, కొన్ని బెల్లు కొట్టాక గుమ్మం దగ్గర నిలబడి అడిగినవి. వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగినవీ ఉన్నాయి. ‘తిరగబడింది సార్’ అని మొదలైనవన్నీ ఏరి ఇక్కడ పెట్టాను.

తిరగబడటం అంటే తిరగబడటమే కదా, అందులో రకాలేముంటాయి?

ఉన్నాయి, మూడు. చెంబును బోర్లించడం ఒకటి. మళ్ళీ తిప్పి పెడితే మామూలే. రెండోది అద్దంలో కనిపించే తిరగబాటు. ఎడమ కాలి చెప్పును నిలువుగా తిప్పినా, పడుకోబెట్టినా, బోర్లించినా అది కుడి కాలిది కాదు. మూడోది దిక్కు మారడం: గాలి, నీళ్ళు, ఆటలో పరుగు. ఎవరు ఏం అడిగినా నేను ముందు చూసేది ఒకటే. దీన్ని మళ్ళీ తిప్పడానికి వీలుందా? ఉంటే తిప్పాలా, వదిలేయాలా? పురిటి గదిలోనైనా రొయ్యల గుంట గట్టు మీదైనా ఈ లెక్క తప్పితే నష్టమే.

కడుపులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని స్కాన్‌లో చెప్పారు. ఇక ఆపరేషనేనా?

ముందు ఎన్నో వారమో చూడండి. 28 వారాలప్పుడు దాదాపు నలుగురిలో ఒక బిడ్డ తల పైకి, పిర్రలు కిందికి పెట్టుకునే ఉంటుంది. లోపల ఇంకా చోటు ఉంటుంది కాబట్టి చాలామంది బిడ్డలు వాళ్ళంతట వాళ్ళే తల కిందికి తిప్పుకుంటారు. నెలలు నిండేసరికి అలాగే మిగిలేది నూటికి ముగ్గురో నలుగురో. ఆరో నెల స్కాన్ చూసి టెన్షన్ పడి, చుట్టాలందరికీ ఫోన్లు చేయాల్సిన పని లేదు.

36 వారాలు దాటినా తిరగకపోతే అప్పుడు డాక్టరుతో మాట్లాడుకోవాలి. పొట్ట మీద చేతులు పెట్టి బయటి నుంచే బిడ్డను మెల్లగా తిప్పే పద్ధతి ఒకటుంది. 36, 37 వారాల దగ్గర చేస్తారు, సుమారు సగం మందిలో ఫలిస్తుంది. బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగలిగే చోట మాత్రమే చేస్తారు. కవలలున్నా, మాయ కిందికి ఉన్నా, రక్తం పోతున్నా చేయరు. నూనె రాసి పొట్ట తోమించి బిడ్డను తిప్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వద్దండీ. మాయ విడిపోతే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రాణం మీదికొస్తుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు.

అడ్డం తిరిగిన బిడ్డ విషయం ఇంకా గట్టిది. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. బొడ్డుతాడు బిడ్డకన్నా ముందు జారితే నిమిషాలే మిగులుతాయి.

చాలామంది మరిచిపోయే మాట ఒకటుంది. నెలలు నిండేదాకా ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డకు, మామూలు కాన్పయినా ఆపరేషనైనా, ఆరు వారాల వయసులో తుంటి కీలు స్కాన్ చేయించాలి. ఈ పిల్లల్లో తుంటి సరిగా కూర్చోకపోవడం మిగతావారికన్నా ఎక్కువ. అప్పుడే కనిపెడితే పట్టీతో సరిపోతుంది. నడక వచ్చాక తెలిస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుంపట్టు పోతుందంటారు. నిజమా?

నడుంపట్టు చాలావరకు కొద్ది రోజుల్లోనో కొన్ని వారాల్లోనో దానంతట అదే పోతుంది. చివర్లో ఎవరు తొక్కితే వాళ్ళకు పేరొస్తుంది. మా వీధిలో అలా పుట్టిన ఒకాయనకు ఈ కారణంగా కాఫీలకు ఏనాడూ కొదవ లేదు. ఆయన మెల్లగా కాలు ఆనిస్తాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్ళను మాత్రం తొక్కించకండి, వెన్నుపూస నలిగిపోతుంది. కాలు తిమ్మిరెక్కినా, మూత్రం ఆపుకోలేకపోయినా అది నడుంపట్టు కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

గుండె కుడివైపు ఉన్నవాళ్ళు బతుకుతారా?

బతుకుతారు, చాలామంది హాయిగా బతుకుతారు. గుండె, కాలేయం, ప్లీహం అన్నీ కలిసి అటుదిటు మారి ఉండటం సుమారు 10,000 మందిలో ఒకరికి ఉంటుంది. స్కాట్లండ్ వైద్యుడు మాథ్యూ బెయిలీ 1788లో దీన్ని వివరంగా రాశాడు. పిండం మొదటి వారాల్లో ఒక చిన్న గుంట దగ్గర సన్నటి నూగు లాంటి వెంట్రుకలు సుడి తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపుకు తోస్తాయి. ఎడమ ఏదో శరీరానికి తెలిసేది అప్పుడే. ఆ వెంట్రుకలు కదలకపోతే ఎడమా కుడీ బొమ్మాబొరుసుగా తేలుతుంది. అందుకే ఇలాంటి వాళ్ళలో సుమారు నాలుగో వంతు మందికి చిన్నప్పటి నుంచి ముక్కుదిబ్బడ, కఫం, మళ్ళీ మళ్ళీ వచ్చే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ఉంటాయి. ఊపిరి గొట్టాలను శుభ్రం చేసేవీ ఆ జాతి వెంట్రుకలే.

ఇది అద్దపు తిరగబాటు. సరిచేసేది లేదు, సరిచేయాల్సిన అవసరమూ లేదు. కాకపోతే ఎక్కడ ఈసీజీ తీయించుకున్నా ముందే చెప్పాలి. అపెండిసైటిస్ నొప్పి వీళ్ళకు ఎడమవైపు వస్తుంది, తెలియని డాక్టరు గ్యాస్ అనుకునే ప్రమాదం ఉంది. ఎక్స్‌రే ఫిల్మును తిరగేసి చూసినా గుండె కుడివైపే కనిపిస్తుంది కాబట్టి, కంగారు పడేముందు ఫిల్ము మూల ‘ఎల్’ గుర్తు ఎటుందో చూడమనండి.

కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుందని పుస్తకంలో ఉంది. మరి మనకు నిటారుగా ఎలా కనిపిస్తుంది?

ఎండాకాలం మధ్యాహ్నం తలుపులన్నీ మూసి, కిటికీ చెక్కకు ఒక చిన్న చిల్లు వదలండి. ఎదుటి గోడ మీద బయటి కొబ్బరిచెట్టు తలకిందులుగా వేలాడుతుంది, సైకిలు మీద వెళ్ళే మనిషి పైకప్పు వైపు చక్రాలు పెట్టి పోతాడు. కంట్లో జరిగేదీ అదే. ఆ బొమ్మను లోపల కూర్చుని చూసే మనిషంటూ ఎవరూ లేరు. రెటీనా మీద కింది భాగంలో వెలుగు పడితే అది పైనుంచి వచ్చిందని మెదడు నేర్చుకుని ఉంటుంది, అంతే.

1890ల్లో అమెరికాలో జార్జ్ స్ట్రాటన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లోకాన్ని తలకిందులు చేసే అద్దాలు కట్టుకుని ఎనిమిది రోజుల పాటు ఉన్నాడు. మొదట్లో కుడిచేయి చాపబోతే ఎడమచేయి కదిలేది. వారం గడిచేసరికి తడబడకుండా నడవగలిగాడు. అద్దాలు తీశాక మళ్ళీ కొంతసేపు తికమక.

అద్దంలో కుడిఎడమలు మారతాయి, మరి తలా కాళ్ళూ ఎందుకు మారవు?

ఏడో తరగతి నుంచి రిటైరైన తాసీల్దారు దాకా అందరూ అడిగే ప్రశ్న. నిజానికి అద్దం కుడిఎడమలనూ మార్చదు. మీరు ఉత్తరం వైపు చూస్తూ తూర్పు చేయి ఎత్తితే అద్దంలోనూ తూర్పు చేయే లేస్తుంది. మారింది ముందూ వెనకా: మీరు ఉత్తరం చూస్తుంటే బొమ్మ దక్షిణం చూస్తోంది. ఎదుటి మనిషి సగం చుట్టు తిరిగి మీ వైపు నిలబడ్డాడని మనసు ఊహించుకోవడం వల్ల కుడిఎడమల తంటా వస్తుంది. కొన్ని అంబులెన్సుల ముందు అక్షరాలను తిరగరాసేది, ముందు వెళ్ళే కారు అద్దంలో సరిగ్గా చదవడానికి.

మంచం మీద పక్కకు తిరిగితే గది గిర్రున తిరుగుతోంది. బీపీయా?

ప్రతి తల తిరుగుడూ బీపీ కాదు. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ పలుకులు ఉంటాయి. అవి జారి పక్కనున్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లో పడితే, తల వంచినా పక్కకు తిరిగినా కొద్ది సెకన్లు లోకం తిరుగుతుంది. దీనికి మాత్రల కన్నా, తలను వరసగా నాలుగైదు భంగిమల్లో తిప్పి ఆ పలుకులను వెనక్కి దొర్లించడమే మంచి వైద్యం. చెవి డాక్టరు పది నిమిషాల్లో చేసేస్తారు. మాట ముద్దగా వచ్చినా, చేయి పడిపోయినా, రెండుగా కనిపించినా అది వేరే జబ్బు, ఆలస్యం చేయకండి.

ఒడ్డున తాబేలు వెల్లకిలా పడి ఉంటే తిప్పవచ్చా? దాని గుడ్లు కనిపిస్తే?

తిప్పాలి. నెల్లూరు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు, ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. వాటి ఊపిరితిత్తులు పై డిప్ప కిందే ఉంటాయి. వెల్లకిలా పడితే లోపలి బరువంతా వాటి మీద పడి ఊపిరి ఆడదు, ఇసుకలో దానంతట అది బోర్లా తిరగలేదు. రెక్కలు పట్టి లాగకుండా, ఇద్దరు మనుషులు డిప్ప అంచులు పట్టుకుని తిప్పి, అటవీశాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి అది. ఫోటో కోసం దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టడం కూడా నేరమే.

గుడ్ల దగ్గర మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. పొదిగే కోడి రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది. పౌల్ట్రీ పొదుగుడు యంత్రాల్లో కూడా 18వ రోజు దాకా తిప్పుతూనే ఉంటారు. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. కోడిగుడ్డు సొనకు రెండు వైపులా మెలితిరిగిన తెల్లటి తాళ్ళుంటాయి, గుడ్డు ఎటు తిరిగినా పిండం పైకే తేలుతుంది. తాబేలు గుడ్డులో ఆ తాళ్ళు లేవు. అక్కడ పిండం పైపొరకు అంటుకునే పెరగాలి. పెట్టిన కొన్ని గంటలు దాటాక గుడ్డును తిరగేస్తే ఆ పిండం చచ్చిపోతుంది. సంరక్షణ కేంద్రాల వాళ్ళు రాత్రికి రాత్రే గుడ్లు ఏరేది, ఏది పైన ఉందో అలాగే ఉంచి మోసేది అందుకే. మంచి మనసుతో తవ్వి ఇంకో చోట పాతిపెట్టే కుర్రాళ్ళు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. తల్లిని తిప్పండి, గుడ్లను ముట్టుకోకండి.

దక్షిణావర్త శంఖం అని వేల రూపాయలకు అమ్ముతున్నారు. కొనవచ్చా?

నా మాట వింటే కొనొద్దు. మామూలు శంఖాన్ని చుట్లున్న మొన పైకి, నోరు మన వైపు పెట్టి పట్టుకుంటే నోరు కుడివైపు తెరుచుకుంటుంది. చాలా అరుదుగా ఎడమవైపు తెరుచుకునేది పుడుతుంది. జీవశాస్త్రం దాన్ని ఎడమ చుట్టు అంటుంది. పూజలో మొన కిందికి పెడతారు కాబట్టి అదే శంఖం కుడివైపు తెరుచుకున్నట్టు కనిపిస్తుంది, అందుకని దక్షిణావర్తం. తలకిందులు చేసినందువల్ల నోరు ఉన్న పక్క మారింది గాని చుట్టు మారలేదు. పైన చెప్పిన మొదటి రకానికీ రెండో రకానికీ తేడా చూపించడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు దొరకలేదు.

అసలు మోసం వేరే ఉంది. అమెరికా తూర్పు తీరంలో దొరికే ఒక జాతి నత్తగుల్లలు పుట్టుకతోనే ఎడమ చుట్టు. అక్కడ అవి మామూలు. అవే ఇక్కడ అరుదైన శంఖాలుగా అమ్ముడుపోతున్నాయి. నోటి లోపల వేలు పెట్టి చూడండి: మన శంఖానికి నడిమి కాడ మీద మూడు నాలుగు గట్టి మడతలు తగులుతాయి, ఆ గుల్లకు నున్నగా ఉంటుంది.

రాజహంసలు తల తలకిందులుగా పెట్టి ఎందుకు తింటాయి?

పులికాట్ వెళ్ళినవాళ్ళు దూరం నుంచి గులాబీ రంగు చూసి వచ్చేస్తారు. (సూళ్ళూరుపేట వైపు 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గాని, నెల్లూరు వాళ్ళెవరూ పక్షులను అప్పజెప్పినట్టు లేదు.) ఈసారి బైనాక్యులర్ పట్టుకెళ్ళి ముక్కు చూడండి. మిగతా పక్షులకు పై ముక్కు పెద్దది, కిందిది సన్నం. రాజహంసకు కింది ముక్కు లోతైన దొన్నె, పైది పల్చటి మూత. తల పూర్తిగా వంచి నీళ్ళలో పెడితే మూత కిందికి, దొన్నె పైకి వస్తాయి. లావుపాటి నాలుకతో నీళ్ళు లాగి వదులుతూ, ముక్కు అంచుల జల్లెడలో చిన్న చిన్న జీవులను ఆపుకుంటుంది. తినే పద్ధతి తలకిందులయ్యాక ముక్కు కూడా దానికి తగ్గట్టు తలకిందులైంది.

తుఫానులో గాలి ఒక్కసారిగా ఆగిపోయి మళ్ళీ ఎదురుగా వీస్తుందంటారు. ఎందుకు?

మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతాయి. తుఫాను తూర్పు నుంచి తీరం మీదికి వస్తుంటే ముందు తగిలేది ఉత్తరపు గాలి. కన్ను మన ఊరి మీదికి వస్తే అంతా నిశ్శబ్దం, ఒక్కోసారి ఆకాశం కూడా తేటపడుతుంది. ఎగిరిపోయిన రేకులు ఏరుకోవడానికి జనం బయటికొచ్చేది అప్పుడే. కన్ను దాటగానే దక్షిణపు గాలి అదే జోరుతో కొడుతుంది, ఉత్తరపు గాలికి సగం వంగిన చెట్టు ఈ దెబ్బకు కూలుతుంది. అధికారులు చెప్పేదాకా లోపలే ఉండండి.

రుతుపవనాలదీ దిక్కు మారడమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి మనకు పెద్దగా వాన ఇవ్వదు. అక్టోబరులో గాలి తిరిగి ఈశాన్యం నుంచి, బంగాళాఖాతం మీదుగా వచ్చినప్పుడే నెల్లూరు చెరువులు నిండుతాయి. తీరం వెంబడి సముద్రపు ప్రవాహం కూడా ఏడాదిలో రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది: ఎండాకాలం ముందు ఉత్తరానికి, ఈశాన్య వానల్లో దక్షిణానికి.

పెద్ద వాన పడ్డ మర్నాడు గుంటలో రొయ్యలు పైకొచ్చి తిరుగుతున్నాయి. నీళ్ళు తిరగబడ్డాయా?

సగం అవును. ఉప్పునీటి గుంట మీద వాన పడితే మంచినీళ్ళు తేలిక కాబట్టి పైన పొరగా నిలుస్తాయి. కింది ఉప్పునీటికి గాలి అందదు. రొయ్య ఉండేది అడుగునే, కుళ్ళే మేతా మట్టీ ఉండేదీ అక్కడే. మబ్బు పట్టి ఉంటే నాచు పగలు కూడా ఆక్సిజన్ సరిగా చేయదు. రాత్రి అదే నాచు ఎదురు తిరిగి ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికన్నా తక్కువ. అది లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా పైనే ఉండాలి.

అసలు తిరగబాటు ఆ తరువాత. గట్టి గాలి వీచి అడుగు నీళ్ళు ఒక్కసారిగా పైకొస్తే వాటితో పాటు విషవాయువులూ కలుస్తాయి. అందుకే వాన పడుతున్నప్పుడే ఏరియేటర్లు (నీళ్ళను చిలికే యంత్రాలు) వేసి పొరలు కట్టకుండా చూడాలి, పైనీళ్ళను తూము నుంచి వదిలేయాలి, మేత తగ్గించాలి. రెండు రోజులు ఆగిన గుంటలో ఒక్కసారిగా అన్ని ఏరియేటర్లూ వేసి అడుగు బురద రేపడం కన్నా, గట్టు వైపు నుంచి ఒక్కొక్కటీ మొదలుపెట్టడం మేలు. కరెంటు పోయినప్పుడు డీజిల్ జనరేటరు పనిచేస్తుందో లేదో వాన రాకముందే చూసుకోండి.

భూమి అయస్కాంత ధ్రువాలు రేపో మాపో తిరగబడతాయట, నిజమా?

యూట్యూబు పుణ్యం. చివరిసారి పూర్తిగా తిరగబడింది దాదాపు 7,80,000 ఏళ్ళ కిందట. తిరగబడటానికే వేల ఏళ్ళు పడుతుంది. పాత లావా రాళ్ళలో ఎదురు దిక్కు చూసే అయస్కాంతత్వాన్ని ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ బ్రూనెస్ 1906లో చూపించాడు. మీ ఫ్రిజ్ తలుపుకు ఏమీ కాదు.

పిల్లి ఎలా పడ్డా కాళ్ళ మీదే పడుతుంది. మావాడు కాలవలోకి పల్టీ కొడితే వీపు మీద పడుతున్నాడు?

పిల్లి నడుము దగ్గర వంగి, ముందు కాళ్ళు ముడుచుకుని ముందు సగాన్ని, తరువాత వెనక సగాన్ని తిప్పుకుంటుంది. 1894లో ఎతియెన్ మారే తీసిన వరస ఫోటోల్లో ఇది మొదటిసారి కనిపించింది. మనిషి నడుముకు అంత వంపు లేదు, కాబట్టి తిరగాల్సిన ఊపు గట్టు మీదే తీసుకోవాలి. గాల్లో ముడుచుకుంటే వేగం పెరుగుతుంది, చాపుకుంటే తగ్గుతుంది. మీవాడు త్వరగా చాపేస్తున్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ చేతులతో బల్లను తోసి గాల్లో రెండు ముందు పల్టీలు కొట్టే ప్రొడునోవా చేసి, 15.066 మార్కులతో నాలుగో స్థానంలో నిలిచింది. అది నురుగు గుంటల్లో, కోచ్ కళ్ళ ముందు ఏళ్ళ తరబడి నేర్చిన పని. లోతు తెలియని కాలవలో తల ముందు పెట్టి దూకితే మెడ విరుగుతుంది. ఒడ్డుకు లాగేటప్పుడు మెడ తిప్పితే మిగిలిన కాస్తా పోతుంది. ఈ ఒక్క విషయంలో పిల్లల్ని గట్టిగానే తిట్టండి.

వెనక్కి తిరగడమే ఫౌల్ అయ్యే ఆట ఏదైనా ఉందా?

ఖోఖో. వరసలో ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు చూస్తూ కూర్చుంటారు. తరిమేవాడు ఒక దిక్కు పట్టాక స్తంభం దాకా వెనక్కి తిరగకూడదు. దిక్కు మార్చాలంటే ‘ఖో’ చెప్పి తన పరుగును ఇంకొకరికి ఇవ్వాలి. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచకప్పు పురుషుల్లో, మహిళల్లో రెండూ మనవే.

ఒంగోలు గిత్తల బండలాగుడులో దీనికి నేరుగా ఎదురు: బండను ఆ చివరికి లాగి, తిప్పి, మళ్ళీ ఇటు లాగాలి. బలమైన జత కూడా మలుపు దగ్గర సమయం పోగొట్టుకుని ఓడిపోవడం చూస్తుంటాం. చుట్టూ ఉన్నవాళ్ళ కేకలన్నీ అక్కడే.

రివర్స్ స్వింగ్‌లో బంతి ఎందుకు ఎదురు తిరుగుతుంది?

కొత్త బంతిని కుట్టు వాలుగా పెట్టి వేస్తే కుట్టు చూసే వైపుకే వంగుతుంది. కుట్టు తగిలిన వైపు గాలి అల్లరై బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది. బంతి ఒక పక్క గరుకై, రెండో పక్క మెరుపు నిలిచి, గంటకు 140 కిలోమీటర్లకు అటూఇటుగా వేస్తే ఈ వ్యవహారం తలకిందులై బంతి కుట్టుకు ఎదురుగా పోతుంది. 1970ల్లో పాకిస్తాన్ బౌలర్ సర్ఫరాజ్ నవాజ్‌తో ఇది బయటికొచ్చింది. మన గల్లీల్లో టెన్నిస్ బంతికి ఒక సగం టేపు చుట్టి వేసేది ఇందుకు దగ్గరి చుట్టమే, తక్కువ వేగంలోనే వంగుతుంది.

టాస్‌లో రూపాయి బిళ్ళ నిజంగా సగం సగమేనా?

దాదాపుగా. 2023లో కొందరు పరిశోధకులు కలిసి 3,50,757 సార్లు నాణేలు ఎగరేసి లెక్కపెట్టారు. ఎగరేసేటప్పుడు పైన ఏ ముఖం ఉందో అదే పడింది 50.8 శాతం. బిళ్ళ తిరుగుతూనే కొంచెం ఊగుతుంది, అందువల్ల మొదటి ముఖం గాల్లో పైవైపు కాస్త ఎక్కువసేపు ఉంటుంది. వీధి మ్యాచ్‌కు ఆ తేడా లెక్కలోకి రాదు. అయినా అనుమానం ఉన్నవాళ్ళు, బొటనవేలు మీద ఏ ముఖం ఉందో అవతలి కెప్టెన్ చూడకముందే పిలవమనండి.